పులి కనిపించని ప్రయాణం

విశాఖపట్నం

అమ్మాయ్, ఆశీస్సులు.

పాపికొండల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే పులి గర్జించింది, అడవి వణికింది. ఫోన్లో అడిగితే "కనబడలేదండీ, కానీ నేషనల్ పార్క్ అన్నాక పులి ఉండాలి కదా" అన్నావు. 2008లో నేషనల్ పార్క్ చేశారు. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. ఒక్క పూట జీపులో తిరిగినవాళ్లకి పులి ఎదురు రావాలని రూలేం లేదు.

మూడో పేజీలో గైడు ఆగిన చోటు మళ్లీ చదువు. తవ్వేసిన చెదపుట్ట, తడి ఆరని మట్టి, పక్కనే పళ్ల గింజలున్న పెంట. ఎలుగు రాత్రే వచ్చి వెళ్లిందని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశావు! గోళ్ల గీతలు ఎంత లోతున్నాయి? పుట్టలో చెదలు కదులుతున్నాయా? ఏం వాసన వచ్చింది? మీవాళ్లు ఎన్నిసార్లు జీపు వైపు చూశారు? నాకు ఒళ్లు జలదరించింది అక్కడే. గర్జన దగ్గర ఆవులింత వచ్చింది, ఏమనుకోకు.

నేనూ తక్కువ తినలేదు. కుర్రతనంలో మన విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవి గురించి రాస్తూ, దసరా సెలవుల్లో నెమలి చేత పింఛం విప్పించి ఆడించాను. అది చదివిన వాచర్ ఒకాయన "బాబూ, దసరాకి నెమలికి పింఛం ఎక్కడుంటాది?" అన్నాడు. వానాకాలం ముగిసేసరికి మగనెమలి ఆ పొడుగు ఈకలు రాల్చేస్తుంది. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అచ్చేసినవాళ్లకీ తెలియలేదు, అదొక్కటే ఊరట.

ఇంకోటి, "జింకలు" అని ఊరుకున్నావు. చుక్కల దుప్పులా, సాంబార్ అనే కణితులా? బెదిరినప్పుడు దేని కేక దానిదే. చిరుత ఎటు కదిలిందో వాచర్లు పసిగట్టేది ఆ కేకలతోనే.

ఈసారి అంత దూరం పోకు. హనుమంతవాక దాటితే కంబాలకొండే కదా. ఆదివారం పొద్దున్నే, గేటు తెరిచే వేళకి రా, నేనూ వస్తాను. హైవే మీది హారన్లు లోపలికీ వినిపిస్తాయి, వాటినీ రాసుకో. పెన్ను వద్దు, చినుకు పడితే సిరా అలుక్కుపోతుంది, పెన్సిల్ తెచ్చుకో. కాళ్లకి పట్టీలుంటే తీసేసి రా.