నడక ఒక్కటే చాలదు

ప్రశ్న: మా అమ్మ వయసు 74 ఏళ్ళు. షుగరు, బీపీ చాలాకాలంగా ఉన్నాయి. మూడు నెలల్లో రెండుసార్లు పడింది. ఒకసారి తెల్లవారుజామున మంచం దిగగానే, ఇంకోసారి స్నానాలగది గడప దగ్గర. ఎముకలు విరగలేదు గానీ, అప్పటినుంచి గోడ పట్టుకునే నడుస్తోంది. రోజూ సాయంత్రం వాకిట్లో అరగంట నడిపిస్తున్నాం. ‘ఇక కదలనివ్వకండి’ అని చుట్టాలంటున్నారు. బ్యాలెన్స్ వ్యాయామాలు ఈ వయసులో పనికొస్తాయా? చేతికర్ర కొనమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు తెల్లవారుజామున పడిన సంగతి తేల్చుకోండి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూడమని మీ డాక్టరుగారిని అడగండి. నిలబడినప్పుడు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకుమించి గానీ పడిపోతుంటే, మందుల మోతాదు మార్చవలసి రావచ్చు. నిద్రమాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపవద్దు.

చుట్టాలది ప్రేమే గానీ, ఆ సలహా మాత్రం హాని చేస్తుంది. కూర్చోబెట్టిన కొద్దీ తొడలు, పిక్కలు చిక్కిపోతాయి, భయం పెరుగుతుంది, ఆ రెండూ కలిసి మనిషిని మళ్ళీ పడేస్తాయి.

మనం తూలకుండా నిలబడడానికి కళ్ళు, లోచెవి, అరికాళ్ళలోని స్పర్శ మూడూ కలిసి పనిచేయాలి. షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారితే భారమంతా కళ్ళ మీద పడుతుంది. చీకట్లో ఆ ఆధారమూ పోతుంది. చదునైన వాకిట్లో నడిచే నడక గుండెకూ షుగరుకూ మంచిదే అయినా, ఈ నిలకడకు పరీక్ష పెట్టదు కనుక దాన్ని పెద్దగా పెంచదు.

వయసు గురించి సంకోచం వద్దు. న్యూజిలాండ్‌లో 1990లలో ఒటాగో అనే పద్ధతిని రూపొందించారు. కాళ్ళకు బలమిచ్చే కసరత్తులు, నిలకడ సాధన వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఇంట్లోనే చేయించి, విడిగా నడిపించారు. అలా చేసినవారిలో పడిపోవడాలు సుమారు 35 శాతం తగ్గాయి. 80 దాటినవారికే ఎక్కువ మేలు జరిగింది.

సాధనకు వంటగట్టు మంచి చోటు. అమ్మగారిని గట్టుకు ఎదురుగా, వెనుక బరువైన కుర్చీ వేసి నిలబెట్టండి, మీరు పక్కనే ఉండండి. మొదట రెండు పాదాలూ దగ్గరగా చేర్చి పది సెకన్లు నిలబడాలి. అది సులువైతే ఒక పాదాన్ని సగం ముందుకు జరపాలి. తరువాత ఒక మడమ రెండో కాలి బొటనవేలిని తాకేలా, ఒకే గీత మీద నిలబడాలి. చివరిది ఒంటికాలి మీద నిలబడడం. మూడో మెట్టులో పది సెకన్లు ఆగలేకపోతే పడిపోయే ప్రమాదం ఎక్కువని గుర్తు. ముందు రెండు చేతులతో గట్టు పట్టుకోవాలి, క్రమంగా ఒక చేయి, ఆ తరువాత రెండు వేళ్ళు, చివరకు చేయి గట్టుకు పైన గాలిలో. ఇక్కడ చాలామంది కూతుళ్ళు చేసే పొరపాటు అమ్మ భుజం గట్టిగా పట్టుకోవడం. చీలమండ దగ్గర ఆ కాస్త వణుకు రావాలి, వ్యాయామమంటే అదే. వణుకే లేకపోతే మెట్టు మరీ సులువు, గట్టును గబుక్కున పట్టుకోవలసి వస్తే మరీ కష్టం.

దీనితోపాటు చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచండి. కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపండి. రెండుసార్లు పడ్డారు కనుక మొదటి కొన్ని వారాలు ఫిజియోథెరపిస్టు ఎదుట చేయించడమే నా సలహా. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, మానేస్తే వచ్చిన నిలకడ తగ్గిపోతుంది.

స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, రాత్రి చిన్న దీపం ఉంచండి, అరిగిన హవాయి చెప్పులు పారేయండి, చీర కుచ్చిళ్ళు నేలను తాకకుండా కట్టుకోమనండి.

కర్ర తప్పకుండా కొనండి. ఆమె చెప్పులతో నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలినప్పుడు, కర్ర పిడి సరిగ్గా మణికట్టు మడత దగ్గరకు రావాలి. ఒక కాలు బలహీనమైతే రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. కింది రబ్బరు తొడుగు నున్నగా అరిగిపోతే ఆ వారమే మార్చండి.