పాఠకుల ప్రశ్నలు: యూనియన్‌కు రిజిస్ట్రేషన్ ఎందుకు?

ప్రశ్న: నేను తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. మేము కొందరం కలిసి యూనియన్ పెట్టుకోవాలనుకుంటున్నాము. అయితే 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి ముందు కూడా సంఘాలు ఉండేవనీ, రిజిస్ట్రేషన్ ఒట్టి కాగితమేననీ మా పెద్దలు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: మీ పెద్దల మాటలో మొదటి సగం నిజం. మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు 1918 ఏప్రిల్‌లోనే బి.పి. వాడియా అధ్యక్షతన మద్రాసు లేబర్ యూనియన్‌ను స్థాపించుకున్నారు. సంఘం పెట్టుకోవడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. చిక్కు వచ్చినది పని ఆపిన తరువాతనే. 1920లో అక్కడ వివాదం ముదిరినప్పుడు, మిల్లులను నడిపే బిన్నీ కంపెనీ వాడియా మీదా, ఇతర నాయకుల మీదా హైకోర్టులో దావా వేసి, కార్మికులు తమ పని ఒప్పందాన్ని తప్పేటట్లు వారు పురికొల్పారని ఆరోపించింది; కోర్టు ఇంజంక్షన్ (అలా చేయరాదన్న నిషేధపు ఉత్తర్వు) ఇచ్చింది. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే గనుక, ఆ హైకోర్టు మన హైకోర్టే. ఈ తర్కాన్ని ఒప్పుకుంటే, కూలి పెంచేదాకా పనిలోకి పోవద్దని తోటివారితో చెప్పిన ఎవరి మీదనైనా నష్టపరిహారపు దావా వేయవచ్చు. బ్రిటన్‌లో 1906 నుంచే ఇటువంటి దావాల నుంచి సంఘాలకు రక్షణ ఉండగా, మన దేశంలో అది లేదు.

కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో దీని గురించి తీర్మానం తెచ్చారు. చట్టం 1926లో వచ్చి, 1927 జూన్ 1 నుంచి అమలైంది. దానిలోని 18వ సెక్షన్ ప్రకారం, కార్మిక వివాదంలో ఇతరులను పని ఒప్పందం తప్పించారన్న ఒక్క కారణంతో రిజిస్టరైన సంఘం మీద గానీ, దాని సభ్యుల మీద గానీ సివిల్ దావా నడవదు. ‘రిజిస్టరైన’ అన్న ఆ మాటలోనే మీ ప్రశ్నకు జవాబుంది. కొట్లాటకూ, ఆస్తి విధ్వంసానికీ ఈ రక్షణ వర్తించదు.

అడ్వాన్సు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బండల పనిలో అది తెలియనివారు ఉండరు. 1859 నాటి ఒక చట్టం కింద, అడ్వాన్సు తీసుకుని పని మానిన కార్మికుడు మేజిస్ట్రేటు ఉత్తర్వును పాటించకపోతే మూడు నెలల దాకా జైలుకు పోవలసి వచ్చేది. దానిని 1925లో రద్దు చేశారు. అడ్వాన్సు ఇప్పుడు బాకీ మాత్రమే, నేరం కాదు. కొందరు యజమానులు మాత్రం పాత చట్టం ఇంకా బతికే ఉన్నట్లు మాట్లాడతారు.

1926 చట్టాన్ని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిపారు గానీ, ఈ రక్షణను తీసివేయలేదు. దరఖాస్తుపై కనీసం ఏడుగురు సంతకం చేయాలి. అదీగాక, కార్మికులలో పది శాతం లేదా నూరుమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఒక్కొక్క ఫ్యాక్టరీలో కొద్దిమందే ఉన్న చోట, ఫ్యాక్టరీకొకటిగా కాక ఊరిలోని పాలిష్ కార్మికులందరికీ కలిపి ఒకే సంఘం పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఏటా లెక్కలు సమర్పించే బాధ్యతను మాత్రం, చందా వసూలు చేసేవారికి కాకుండా, వేరొకరికి అప్పగించండి.