హవాయిలోని హాయెనా పార్కుకు రోజుకు 900 మందినే ఎందుకు రానిస్తారు?

అక్కడికి వెళ్లే, ఒంటి వరస వంతెనలున్న రోడ్డు, చిన్న పార్కింగు అంతకు మించి తట్టుకోలేవు కాబట్టి. ఒకప్పుడు రోజుకు రెండు వేల మందికి పైగా వచ్చేవారు. రోడ్డు పక్కన ఆపిన కార్లతో కవాయి ద్వీపంలోని ఆ ఊరివాళ్లకే దారి దొరికేది కాదు. వాళ్లతో కలిసి వేసిన ప్రణాళికలోనే ఈ పరిమితి ఉంది. 2018 ఏప్రిల్ వరదలకు మూతపడిన పార్కును 2019 జూన్‌లో తెరిచినప్పుడు అమల్లోకి వచ్చింది. పార్కింగు, షటిల్ బస్సులు స్థానిక సంస్థలకే అప్పగించారు, ఇదే అసలు మేలు.

బయటి నుంచి, ఉదాహరణకు హైదరాబాద్ నుంచి, వెళ్లేవారు 30 రోజుల ముందు నుంచే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. గేటు దగ్గర టికెట్లు అమ్మరు. ప్రవేశం మాత్రమే కొని కారులో వెళ్తే ఆపుకోవడానికి చోటివ్వరు. పార్కింగు గానీ షటిల్ గానీ కలిపి తీసుకోవాలి.

స్థానికులకూ ఇదే నిబంధన అనుకోవడం పొరపాటు. హవాయి నివాసులు గుర్తింపు కార్డు చూపితే చాలు, బుకింగ్ అక్కర్లేదు.