వారసత్వ పన్ను మీద మాట్లాడబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

డిబేట్‌లో వారసత్వ పన్ను అంశం వచ్చిందని, ఎటువైపు నిలబడాలో తేలక టెన్షన్‌గా ఉందని రాశావు. అది తర్వాత చూద్దువుగాని, ముందు ఆ పన్ను దేనికో తేల్చుకో. ఖజానా నింపడానికా, సంపద కొద్దిమంది దగ్గరే పోగుపడకుండా చూడటానికా? ఈ రెండూ కలిపేసి మాట్లాడావంటే అవతలివాళ్లు అక్కడే దొరకబుచ్చుకుంటారు.

చరిత్రలో ముందు కనిపించేది ఖజానా అవసరమే. రోమ్‌లో అగస్టస్ చక్రవర్తి క్రీ.శ. 6లో వారసత్వాల మీద 5 శాతం పన్ను వేసింది, కొలువు ముగించిన సైనికులకు డబ్బివ్వడానికి. దగ్గరి బంధువులకు అప్పుడే మినహాయింపు ఉంది. అమెరికాలో అంతర్యుద్ధ కాలంలో 1862లో తెచ్చి, 1870లో ఎత్తేశారు. స్పెయిన్‌తో యుద్ధం రాగానే 1898లో మళ్లీ తెచ్చి, 1902లో తీసేశారు. యుద్ధం వస్తే రావడం, పోతే పోవడం! సమానత్వం వాదన బలపడింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. చనిపోయినవారి పెద్ద ఆస్తుల మీద పన్ను గట్టిగా వేయాలని 1889లో రాసిన అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ స్వయానా కోటీశ్వరుడు. ఈ సంగతి తప్పక వాడుకో.

ఇక మన దేశం. ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవారి ఆస్తి మీద పన్ను, దాని చట్టం 1953లో వచ్చింది. ఒక దశలో 20 లక్షల రూపాయలు దాటిన భాగం మీద రేటు 85 శాతం దాకా వెళ్లింది. అంత రేటుకి డబ్బు వరదలా రావాలి కదా? 1985 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ చెప్పిన లెక్క ప్రకారం వస్తున్నది సుమారు 20 కోట్లు, వసూలు ఖర్చు చూస్తే దానికి తగ్గట్టు లేదు. పైగా ఒకే ఆస్తికి సంపద పన్ను ఒకటి, ఎస్టేట్ డ్యూటీ ఇంకొకటి, రెండు చట్టాల కింద రెండు తతంగాలు. అసమానతలు తగ్గించడం, రాష్ట్రాలకు నిధులు సమకూర్చడం అనే రెండు లక్ష్యాలూ నెరవేరలేదని ఆయనే ఒప్పుకుని రద్దు చేశారు. నువ్వు పన్నును సమర్థించదలిస్తే ఈ ప్రసంగాన్ని దాటవేయకు, నువ్వే ముందు ఎత్తు. లక్ష్యం తప్పా, అమలు తప్పా అని అడుగు. నా మటుకు నాకు, అంత రేటు పెట్టడమే ఎగవేతకు దారి చూపడం అనిపిస్తుంది.

రేట్ల విషయంలో ఒక జాగ్రత్త. బ్రిటన్‌లో 40 శాతం అనగానే సగం ఇల్లు పోయినట్టు మాట్లాడతారు. అక్కడ 3,25,000 పౌండ్ల దాకా పన్ను లేదు. ఇంకే మినహాయింపూ వర్తించదనుకున్నా, 5 లక్షల పౌండ్ల ఆస్తికి మిగిలిన 1,75,000 మీదే 40 శాతం, అంటే 70,000. మొత్తం ఆస్తిలో 14 శాతం. బోర్డు మీద ఈ లెక్క వేసి చూపించు, వంద మాటలు ఆదా అవుతాయి.

పన్ను మొత్తం ఆస్తి మీదా, ఒక్కో వారసుడికి దక్కిన వాటా మీదా అన్నది కూడా స్పష్టంగా చెప్పు. మొదటి పద్ధతిలో ఆస్తి ఒక్కడికే వెళ్లినా, ఐదుగురికి పంచినా పన్ను ఒకటే. సంపద చెదిరిపోవాలన్నదే ఉద్దేశమైతే రెండోది మేలు. ఎవరైనా వ్యవసాయ భూమి ఎత్తితే, దాని వారసత్వం మీద పన్ను రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోది, కేంద్రం చేతిలోది కాదని చెప్పు. చాలామందికి తెలియదు.

చివర్లో ఒక ప్రశ్న ఖాయం: "సంపాదించినప్పుడే పన్ను కట్టాం, మళ్లీ ఎందుకు?" జీతం దాచి కట్టుకున్న ఇంటికి ఆ మాట న్యాయమే, మినహాయింపు పరిమితి ఉండేది అందుకే. కానీ పెద్ద ఆస్తుల్లో బోలెడంత అమ్మకుండా ఉంచిన షేర్ల, స్థలాల పెరిగిన విలువ. అమ్మందే దానిమీద లాభాల పన్ను పడదు. ఇక్కడ గొంతు పెంచకు, నెమ్మదిగా చెప్పు. ప్రసంగం రాశాక పంపించు, అంకెలు సరిచూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య