‘టైప్ డి’ అంటే నాలుగో స్టేజీ కాదు

ప్రశ్న: డాక్టరమ్మా, మాది చీమకుర్తి. మా తమ్ముడికి 34 ఏళ్లు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పని. మూడేళ్లుగా చేతుల మీదా తొడల మీదా ఎర్రటి గుల్లలు లేచి, నల్లగా చెక్కు కట్టి, నెలా నెలన్నరకి వాటంతటవే మానిపోతున్నాయి. మొదటి బయాప్సీలో ‘లింఫోమటాయిడ్ పాపులోసిస్, టైప్ ఎ’ అని వచ్చింది. ఈసారి ‘టైప్ డి, లింఫోమా (తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్) కాదని తేల్చుకోవాలి’ అన్నారు. ఎ నుంచి డికి వచ్చిందంటే నాలుగో స్టేజీ అని ఇంట్లో ఏడుపులు. వైద్యానికి అరెకరం బేరం పెట్టాం.

జవాబు: ముందు ఆ బేరం ఆపండి. ఎ, బి, సి, డి అనేవి జబ్బు ముదిరిన మెట్లు కావు. మైక్రోస్కోపు కింద కణాలు ఏ తీరుగా కనిపించాయో చెప్పే గుర్తులంతే. ఒకే మనిషికి ఒక గుల్లలో ఒక రకం, ఇంకో గుల్లలో ఇంకో రకం కనిపించవచ్చు.

స్లైడు మీద క్యాన్సర్‌లా కనిపిస్తూ, ఒంటి మీద తనంతట తానే మానిపోయే ఈ జబ్బును 1968లో మెకాలే అనే డాక్టరు వర్ణించారు. అరుదైన రకాల్లో తికమక ఇంకా ఎక్కువ. ‘టైప్ డి’లో సిడి8 అనే రకం తెల్ల రక్తకణాలు చర్మం పైపొరలోకి చొరబడి, వేగంగా ముదిరే ఒక లింఫోమాను అచ్చం పోలి ఉంటాయి. ‘టైప్ ఇ’లో కణాలు రక్తనాళాల్లోకే దూరతాయి, అందుకే పెద్ద నల్లటి చెక్కు కడుతుంది. కణాల మీద సిడి30 అనే గుర్తు ఉందో లేదో చూసే పరీక్ష సాయపడుతుంది కానీ అదొక్కటే తేల్చలేదు. తేల్చడానికి పనికొచ్చేది మీరు రాసిన మాటే: వాటంతటవే మానిపోతున్నాయి. ఒంగోలులో నేను చూసిన బయాప్సీ ఫారాల్లో ‘చర్మంపై గుల్ల’ అని తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పెథాలజిస్టుకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

అందుకని, కొత్త గుల్ల లేచిన రోజు నుంచి మానేదాకా తేదీలతో ఫోన్లో ఫొటోలు తీయండి. రెండు ల్యాబుల నుంచీ స్లైడ్లు, బయాప్సీ ముక్క దాచిన మైనం బ్లాకులు అడిగి తీసుకుని, చర్మం స్లైడ్లు బాగా చూసే ఒకే పెథాలజిస్టుకి ఫొటోలతో సహా చూపించండి.

ఇది అంటుకోదు. తమ్ముడికి కంచం వేరు పెట్టకండి. గుల్లలు కొద్దిగా ఉంటే మందు లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చు. మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే మాత్రం అది వారానికి ఒక్కసారే. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.

కొందరికి తర్వాతెప్పుడో లింఫోమా రావచ్చు, ఈ మాట దాచను. అందుకే గుల్లలు తగ్గినా ఏటేటా చూపించుకోవాలి. మానకుండా పెరిగే గడ్డ, మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్లలు, విడవని జ్వరం, బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఏడాది దాకా ఆగకుండా ఆ వారమే వెళ్లండి.