ఆ రెండేళ్లూ ఏవి?

అమ్మాయీ,

హాలీవుడ్ నటి ఆలివియా డి హావిలాండ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వచనం బాగుంది. కానీ పదకొండో పేజీలో నాకు కోపం వచ్చింది. ‘1943 తర్వాత కొంతకాలం ఆమెకు సినిమాలు లేవు’ అని ఒక్క ముక్క రాసి, మరుసటి పేరాలో ఆస్కార్ దగ్గర తేలావు. చెల్లెలు జోన్ ఫాంటెయిన్‌తో పడకపోవడానికి మాత్రం నాలుగు పేజీలు!

ఆ ‘కొంతకాలం’లోనే ఆమె జీవితం ఉంది. వార్నర్ బ్రదర్స్ సినిమా కంపెనీతో ఆమెది ఏడేళ్ల ఒప్పందం. నచ్చని వేషం వద్దంటే జీతం ఆపేసేవారు. ఆపిన రోజులన్నీ లెక్కగట్టి ఒప్పందం చివర కలిపేవారు. అంటే నోరు విప్పినకొద్దీ చెర పెరుగుతుంది. ‘గాన్ విత్ ది విండ్’ సినిమాలో మెలనీ వేషానికి వేరే నిర్మాత దగ్గరికి వెళ్లడానికి కంపెనీ పెద్ద జాక్ వార్నర్ ఒప్పుకోకపోతే, ఆయన భార్యను టీకి పిలిచి బతిమాలుకుంది. అంత పేరున్న నటి! అంతకుముందే, 1936లో, మరో నటి బెటీ డేవిస్ ఇదే కంపెనీ మీద లండన్ కోర్టులో ఓడిపోయింది. అది తెలిసీ ఈమె 1943లో కోర్టుకెక్కింది. ఏడేళ్లంటే క్యాలెండర్‌లో ఏడేళ్లేనని 1944 డిసెంబరులో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తేల్చింది. ఈలోగా ఆమెకు పని ఇవ్వొద్దని స్టూడియోలన్నిటికీ వార్నర్ కబురు పెట్టాడు. ఇరవై ఏడేళ్ల వయసు, గెలుస్తానన్న భరోసా లేదు. సైనిక ఆసుపత్రులు తిరిగి గాయపడినవాళ్లను పలకరిస్తూ ఆ రోజులు గడిపింది. ఆ తీర్పును ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. నీ వ్యాసంలో ఆ మాటే లేదు.

నటుల గురించి రాసేటప్పుడు ముందు వాళ్లకు పని లేని ఏళ్లు వెతుకు. పని ఉన్న ఏళ్ల సంగతి పోస్టర్లే చెబుతాయి. ఇది నేను నలభై ఏళ్లుగా చెబుతున్నాను, సంపాదకులెవరూ వినలేదు. వాళ్లకు కావలసింది అక్కాచెల్లెళ్ల గొడవ, ఒక పెద్ద ఫొటో.

1978లో తెనాలిలో ఒక రంగస్థల నటి ఇంటి అరుగు మీద మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. నాటకాల కాంట్రాక్టరుతో మాటా మాటా వచ్చి ఆరేళ్లు ఆమెకు వేషం లేదు. అప్పడాలు ఒత్తి అమ్మింది. ఒత్తుతూనే పద్యాలు పాడుకునేదట, గొంతు పోకుండా. అదంతా రాసి ఒక వారపత్రికకిచ్చాను. ‘పాఠకులకు ఏడుపు వద్దు’ అని ఆ ఆరేళ్లూ కొట్టేసి, సత్యభామ వేషంలో ఉన్న ఫొటో అరపేజీ వేశారు. పత్రిక పట్టుకెళ్లి ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విని, ‘నా అప్పడాలేవి బాబూ?’ అంది. జవాబు చెప్పలేక తల దించుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆ పత్రికకు మళ్లీ రాయలేదు.

నీ వ్యాసం పుస్తకంగా వస్తుందా, ఎవరు వేస్తారు అన్నవి తర్వాత చూద్దాం. చెల్లెలి పేజీలు తీసేయి. 1943 ఆగస్టు నుంచి రాయి. కోర్టులో ఆమెను ఏం అడిగారో, ఏం చెప్పిందో వెతికి పట్టుకో. దొరికేదాకా ఆస్కార్ జోలికి పోకు.

చిత్తుప్రతి కాగితానికి ఒకవైపే రాసి పంపు. అంచున నేను రాయాల్సింది చాలా ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు