సంక్రాంతి సెలవులకు కారులో వెళ్లాలంటే: బనగానపల్లె, తాడిపత్రి, జమ్మలమడుగు

హైదరాబాదు నుంచి సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు కారులో తిరగడానికి, మరీ జనం ఎగబడని చిన్న ఊళ్లు చెప్పమన్నారు. వెంట అమ్మానాన్న, పదేళ్ల పిల్లాడు ఉంటారన్నారు. మా అత్తగారి ఊరు నంద్యాల. పండక్కి వెళ్లినప్పుడల్లా భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తుంటే నేను కారేసుకుని బయటపడతాను కాబట్టి ఆ చుట్టుపక్కల దారులు బాగా అలవాటు. అరకు, లంబసింగి మీకు ఎవరైనా చెప్తారు. నా ఓటు మాత్రం బనగానపల్లె, తాడిపత్రి, జమ్మలమడుగులకే. చాలామంది గండికోట ఒక్కటీ చూసి, లోయ అంచున ఫొటో దిగి, ఆ రాత్రే వెనక్కి వచ్చేస్తారు. దారిలో ఉన్న ఊళ్లలోనే అసలు సరుకుంది.

కర్నూలు దాకా 44వ నంబరు హైవే, సుమారు 210 కి.మీ. చీకటితోనే బయల్దేరితే టిఫిను వేళకు చేరతారు. అక్కడ ఇడ్లీ, దోసె జోలికి పోకుండా ఉగ్గాని అడగండి. బొరుగుల్ని నీళ్లలో ముంచి గట్టిగా పిండేసి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. వేడివేడిగా తినాలి, చల్లారితే ముద్దయిపోతుంది. పొద్దెక్కితే చాలాచోట్ల అయిపోతుంది కూడా.

బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఊరి బయట గుట్ట మీద నవాబుగారి పాత బంగళా ఒకటుంది. ఒక తెలుగు సినిమా అక్కడ తీశాక దాని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, ఆటో అతన్ని అడిగినా సినిమా పేరుతోనే దారి చెప్తాడు. మామిడిపండు ఆశ మాత్రం పెట్టుకోకండి. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందేమో గానీ, సంక్రాంతికి చెట్ల మీద ఉండేది పూతే. పండు కావాలంటే మే నెలలో రావాలి, ఆ ఎండకు మీ నాన్నగారు కారు దిగరు.

అక్కడికి దగ్గర్లోనే యాగంటి శివాలయం. కొండ నుంచి వచ్చే నీళ్లు పుష్కరిణిలోకి పడుతుంటాయి, చాలామంది అందులో స్నానం చేసే దర్శనానికి వెళ్తారు. నంది పెరుగుతోందన్నది అందరూ చెప్పేదే. ఒకప్పుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని పెద్దవాళ్లు అంటారు, ఇప్పుడు స్తంభాలకూ నందికీ మధ్య మనిషి దూరే సందు లేదు. కలియుగాంతాన ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంలోని మాట. అగస్త్యుడి శాపం వల్ల ఇక్కడికి కాకులు రావని కూడా చెప్తారు. మీవాడికి కాకిని వెతికే పని అప్పజెప్పండి, మీరు నింపాదిగా దర్శనం చేసుకోవచ్చు. పక్క కొండ గుహల్లోకి వెళ్లే మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే కిందే ఆగిపోవడం మేలు.

బనగానపల్లె దాటి కొలిమిగుండ్ల వైపు మళ్లాక దారి పొడుగునా నాపరాయే. గోడ నాపరాయి, కప్పు నాపరాయి, పొలం గట్టున కంచె కూడా వరసగా పాతిన నాపబండలే. మన ఇళ్లలో పరిచే బండలు ఇక్కడివే. క్వారీలు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి లారీలు, వాటి దుమ్ము. చీకటి పడ్డాక ఈ దారిలో బండి నడపొద్దని గట్టిగా చెప్తున్నాను. ఎడ్లబండ్లకు, ట్రాక్టర్లకు వెనక లైట్లుండవు.

నాపరాయంటే సున్నపురాయే. ఆ సున్నపురాయిని భూమి లోపల నీళ్లు తొలిస్తే ఏర్పడ్డవే బెలూం గుహలు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులను రానిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1982-83లో డేనియల్ గెబోర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. బయట చలికాలమైనా లోపల ఉక్కపోతే, చొక్కా తడిసి ముద్దవుతుంది. గుహ లోపల పాతాళగంగ అనే నీటిపాయ దాకా వెళ్లడం పిల్లాడికి పండగ. మీ అమ్మగారిని మాత్రం మొదటి పెద్ద గది దగ్గర, గాలి వదిలే గొట్టం పక్కన కూర్చోబెట్టండి.

బెలూం నుంచి తాడిపత్రి సుమారు 30 కి.మీ. మీ నాలుగు రోజుల్లో ఒక రోజంతా ఈ ఊరికే ఇవ్వమంటాను. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించారు. లింగం దగ్గర ఊట ఊరుతుంది, బుగ్గ అంటే అదే. కానీ ఇక్కడ కళ్లు తిప్పుకోలేనివి పూర్తికాని గోపురాలు. మామూలుగా గోపురానికి కింది భాగం రాయి, పైన అంతస్తులన్నీ ఇటుకా సున్నం, వాటి మీద రంగులేసిన బొమ్మలు. ఇక్కడ పైభాగం కట్టనేలేదు కాబట్టి చూపంతా రాతి మీదే నిలుస్తుంది. ఆ రాతిలో అరచేయి మోపేంత ఖాళీ వదల్లేదు. తీగలు, హంసల వరసలు, వేలెడంత స్తంభాల మధ్య బుల్లి గూళ్లు, ఆ గూళ్ల మీద మళ్లీ బుల్లి విమానాలు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి, రాతి బొమ్మల నగల అంచులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండకు అవన్నీ కలిసిపోయి చదునుగా ఉంటుంది. పైగా ఆ వేళకు గుడి మూసేస్తారు.

ఊళ్లోనే చింతల వెంకటరమణస్వామి గుడి. అక్కడ రాతి రథం ఉంది, గోడల మీద రామాయణం, కృష్ణలీలలు వరసగా చెక్కారు. ఏ బొమ్మ ఏ కథో మీ అమ్మగారు చెప్తుంటే పిల్లాడు వింటాడు, గైడు అక్కర్లేదు. ఇంత పెద్ద గుళ్లలో నేను చూసినప్పుడల్లా పట్టుమని పదిమంది ఉండరు. అదే హంపిలో అయితే ఫొటోకు కూడా క్యూ. బసకు లాడ్జీలున్నాయి, మరీ గొప్పవి కావు. ఒక లాడ్జీలో వేడినీళ్లు ఏడింటికే కట్టేశారు, ముందే అడిగి పెట్టుకోండి.

గండికోట గురించి నేను చెప్పేది తక్కువ, యూట్యూబు నిండా అదే ఉంది. కోట లోపల జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం దగ్గరదగ్గరే, నెమ్మదిగా నడిస్తే రెండు గంటలు. పెన్న లోయ అంచున చాలామేర కటకటాలు లేవు, పిల్లాడి చెయ్యి వదలొద్దు. శని, ఆదివారాలు టెంట్లు, స్పీకర్లు. అందుకే రాత్రికి 15 కి.మీ. దూరంలోని జమ్మలమడుగులో ఉండి, తెల్లారకముందే కోటకు వెళ్లడం నా పద్ధతి. జమ్మలమడుగులో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. సాయంత్రం బజారులో తిరిగి, ఎర్రకారం పూసి పప్పుల పొడి చల్లిన దోసె తిని పడుకోవడమే. నాకదే ఇష్టం.

తిరుగు ప్రయాణం ప్రొద్దుటూరు, మైదుకూరు మీదుగా ఆళ్లగడ్డకు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పుల షెడ్లు, ఉలి దెబ్బలు కారులోకి వినిపిస్తాయి. ఆగి చూస్తామంటే ఎవరూ కాదనరు, ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్లాల్సిన విగ్రహాలు సగం చెక్కి ఉంటాయి. తర్వాత నంద్యాల, కర్నూలు.

రోజులు ఇలా సర్దుకోండి: కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ రోజు తాడిపత్రిలో పడేట్టు చూసుకుంటే పెద్దవాళ్ల పట్టింపూ తీరుతుంది, మీకూ ఊరు చూసే తీరిక దొరుకుతుంది. సెలవుల ఆఖరి సాయంత్రం మాత్రం కర్నూలు నుంచి హైదరాబాదు దారిలో ఉండకండి, పుల్లూరు టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరతాయి. మధ్యాహ్నంలోపే దాటేయండి, లేదంటే ఆ రాత్రి నంద్యాలలో ఆగి మర్నాడు తెల్లవారుజామున బయల్దేరండి.